ఆత్మారాం గురక

ఎడపల్లి
డిసెంబర్, మొదటి శనివారం

చెల్లె సుమనకు,

ఉత్తరం చూసి భయపడకు, అందరం బాగానే ఉన్నాం. ఫోన్ ఉండగా కాగితం ఎందుకు అంటావేమో. మీ బావ గురించిన మాట, మీ బావ పక్కన కూర్చొని ఉండగా ఫోన్‌లో ఎట్లా చెప్పను? నేను గుసగుసలాడినా మూడిళ్లకు వినిపిస్తుందని నువ్వే అంటావు కదా. అందుకే నర్సన్న ఆటోలో నీకు పంపే కూరగాయల సంచిలో, టమాటాల కింద పెడుతున్నాను. జవాబు కూడా ఖాళీ సంచిలో పెట్టి అతనికే ఇవ్వు.

సంగతి మీ బావ గురక.

నవ్వకు. ఇరవై ఏళ్లుగా అందరూ నవ్వుతూనే ఉన్నారు. పెళ్లిళ్లకు పోతే ఆత్మారాంకు మగవాళ్ల మధ్య చాప వెయ్యరు, దూరంగా ట్రాక్టర్ షెడ్డులో వేస్తారు, తోడుకు నన్నూ అక్కడికే తోలుతారు. మహిళా సంఘంలో నేను ఆయన గురకను చేసి చూపిస్తే ఆడవాళ్లు కడుపు పట్టుకుంటారు. కానీ ఈ మధ్య నాకు నవ్వు రావడం లేదు. రాత్రి ఎన్నిసార్లు ఉలిక్కిపడి లేస్తానో లెక్కే లేదు. లేచేసరికి చెవుల్లో ఆ చప్పుడు ఇంకా గింగురుమంటుంది. మీ బావ అప్పటికే లేచి కూర్చొని ఉంటాడు. "నా గురకకు నాకే మెలకువచ్చింది, నువ్వు పండుకో" అంటాడు. తన గురకకు తానే లేచే మనిషిని నువ్వెక్కడైనా చూశావా?

తెల్లారేసరికి నాకు తల దిమ్ముగా ఉంటుంది, నోరు పిడచకట్టుకుపోతుంది. మొన్న సంఘం మీటింగులో బ్యాంకు మేడం మాట్లాడుతుంటే కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే నిద్రపోయాను. బోధన్ పోతూ స్కూటీ మీద కళ్లు మూతలు పడితే కాలువ గట్టు అంచుకు పోయి ఆగాను. ఈ మాట మీ బావకు తెలియదు, నువ్వూ చెప్పకు. అత్త సాయవ్వ అదృష్టవంతురాలు, చెవులు వినపడవు. మా కొడుకు బంటి హాస్టల్‌లో చదువుకుంటున్నాడు. ఇంట్లో పడేదంతా నేనొక్కదాన్నే.

అందుకని ఒకటి అనుకున్నాను. ఈసారి పసుపు అమ్మగానే పెరటి చివర ఒక గది కట్టిస్తాను. మీ బావ అందులో పడుకొని ఎంత కావాలంటే అంత గురక పెట్టుకోవచ్చు. ఏది చెప్పినా సరేననే మనిషి, ఈ ఒక్కదానికి మాత్రం అడ్డం తిరిగాడు. "గదొద్దు. ఇంకేదన్న చెప్పు, చేస్త" అంటాడు. ఎందుకు వద్దో చెప్పమంటే నోరు విప్పడు.

నువ్వు ఖలీల్‌వాడిలో ముక్కు, చెవి, గొంతు డాక్టర్ దగ్గర బిల్లుల కౌంటర్‌లో కూర్చుంటావు కదా. గురకకు మందేదైనా ఉందేమో అడుగు. ఉంటే సరే, లేకపోతే గదే.

నిద్రకు మొహం వాచిన మీ అక్క,
జ్యోతిరాణి


నిజామాబాద్
డిసెంబర్, మూడో వారం

అక్కా,

బావ గురక సంగతి ఎడపల్లిలో నిన్న పుట్టిన కోడిపిల్లకు కూడా తెలుసు. దాన్ని టమాటాల కింద దాచి పంపింది నువ్వొక్కదానివే. ఉత్తరానికి రసం అంటి సగం అక్షరాలు ఎర్రబడ్డాయి.

పేషెంట్లు తగ్గాక డాక్టర్ గారిని అడిగాను. ఆయన మంచి మూడ్‌లో ఉన్నారు, కుర్చీ చూపించి మరీ చెప్పారు. నిద్రపోతే ఒళ్లంతా వదులైనట్టే గొంతులో కండ కూడా వదులవుతుందట. గాలి పోయే దారి ఇరుకవుతుంది. ఆ ఇరుకులో గాలి దూరేటప్పుడు కొండనాలుక, దాని చుట్టూ ఉండే మెత్తటి కండ అదురుతాయి. తూము సగం మూస్తే కాలువ నీళ్లు చప్పుడు చేస్తాయి చూడు, అట్లన్నమాట. వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారి దారి ఇంకా ఇరుకవుతుంది. మెడ దగ్గర కొవ్వు పట్టినా, ముక్కు దిబ్బడ ఉన్నా, పడుకునే ముందు కల్లో మందో తాగినా గురక ఎక్కువవుతుంది. కొందరికి థైరాయిడ్ తక్కువైనా వస్తుందట.

కాబట్టి బావను పక్కకు తిరిగి పడుకోమను. బనియన్ వెనక ఒక బంతి పెట్టి కుట్టు, వెల్లకిలా తిరిగితే గుచ్చుకొని మళ్లీ పక్కకు తిరుగుతాడు. రాత్రి కల్లు బంద్. తల వైపు కొంచెం ఎత్తు పెట్టు. పసుపు ఉడకబెట్టే రోజుల్లో ముక్కులు మూసుకుపోతాయి కాబట్టి ఆవిరి పట్టించు. కొంచెం బరువు తగ్గమను, బావకు తగ్గడానికి ఏముందో నాకైతే తెలియదు.

ఇక ఒక్కటి మాత్రం గట్టిగా అడగమన్నారు. గురక మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోయి, కాసేపు చడీచప్పుడు లేకుండా ఉండి, తర్వాత ఉక్కిరిబిక్కిరై మళ్లీ మొదలవుతుందా? పగలు కునుకుపాట్లు పడతాడా? అట్లయితే అది ఉత్త గురక కాదట, ఊపిరే ఆగుతున్నట్టట. గుండెకు, బీపీకి మంచిది కాదు. ఆలస్యం చెయ్యకుండా తీసుకురమ్మన్నారు.

సంచిలో బంతి పెట్టాను, మా ఇంట్లో ఆడేవాళ్లెవరూ లేరు.

సుమన


ఎడపల్లి
జనవరి చివర

సుమనా,

మీ డాక్టర్ చెప్పినవన్నీ చేశాం. చేశాం అంటే, నేను చెప్పాను, మీ బావ చేశాడు. బంతి కుట్టిన బనియన్ వేసుకొని పొద్దున లేచేసరికి వీపు మీద గుండ్రంగా కమిలి ఉంది. కల్లు మానేశాడు. రాత్రి రెండు జొన్నరొట్టెలు తినేవాడు ఒక్కటే తింటున్నాడు. ఆవిరి పట్టమంటే పట్టాడు. ఇంతా చేస్తే ఏమైందంటావా? ఆయన బక్కగా అయ్యాడు, నాకు మాత్రం అదే ఉలికిపాటు, అదే తలనొప్పి. ఎద్దు పుండు కాకికి ముద్దా అన్నట్టు నువ్వు నవ్వుకుంటున్నావు, ఇక్కడ నా ప్రాణం పోతోంది.

నువ్వు అడగమన్న ప్రశ్న కూడా అడిగాను. "మధ్యల ఆగుతదా?" అన్నాను. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. "ఆగితే ఏమైతదట?" అన్నాడు. ఊపిరి ఆగినట్టట, గుండెకు మంచిది కాదట అని చెప్పాను. ఆ పూట ఇక అన్నం ముట్టలేదు. పగలు కునుకుపాట్లు కూడా ఉన్నాయి, పసుపు తవ్వే కూలీల ముందే గట్టు మీద కూర్చొని తూగుతాడు. డాక్టర్ దగ్గరికి పోదాం అంటే, "పసుపు అమ్మినంక నేనే సుమనను కలుస్త" అన్నాడు. ఇంత భయస్థుడని నాకు ఇన్నాళ్లూ తెలియదు.

ఇక అసలు తమాషా విను. మా పసుపు చేను పక్కన తుకారాం మక్క వేశాడు. కంకులు పాలు పట్టే వేళకు అడవి పందులు దిగాయి. డబ్బాలు కొట్టారు, పాత చీరలు కట్టారు, పందులు లెక్క చెయ్యలేదు. తుకారాం వచ్చి నాతోనే అన్నాడు, "వదినా, అన్నను ఒక్క రాత్రి మా మంచె మీద పండవెట్టు. ఆ గురక ఇంటే పందులు కోటగిరి దాక ఉరుకుతయి." అక్కడున్న వాళ్లందరూ భలే ఉపాయం అన్నారు. నేనైతే ఎగిరి గంతేశాను, ఒక్క రాత్రైనా నాకు నిద్ర దొరుకుతుందని. మీ బావ ఏవేవో సాకులు చెప్పాడు, నడుము నొప్పన్నాడు, చలి అన్నాడు. ఊరు ఊరంతా అడుగుతుంటే ఎంతకని తప్పించుకుంటాడు? గొంగడి భుజాన వేసుకొని పోయాడు.

పొద్దున చూస్తే చేనులో మూడు సాళ్లు నేలమట్టం. పందులు మంచె కిందికే వచ్చి మేసి పోయాయి. తుకారాం లబోదిబోమన్నాడు. "రాత్రి గురక రాలేదే" అని ఒక్క మాట అని, దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాడు మీ బావ. అవసరమున్న రోజు రానిదానికి అదేం గురక?

నేను మాత్రం హాయిగా పడుకున్నానా అంటే అదీ లేదు. ఎన్నడూ లేనిది ఆ రాత్రి అత్త వచ్చి నా పక్కన పడుకుంది. పడుకున్న మనిషి పడుకోకుండా రాత్రంతా నన్ను కుదుపుతూనే ఉంది. "ఏందత్తా?" అని చెవిలో అరిస్తే, "కొడుకు కదుపుమన్నడు" అంది. ఎందుకని అడిగితే ఆమెకూ తెలియదు. తల్లీకొడుకులిద్దరికీ ఏదో అయింది.

మేస్త్రీతో మాట్లాడాను, గది పునాదికి గుంతలు తీశారు. పసుపు ఎండుతోంది. ఆరగానే మీ బావ మార్కెట్‌కు తెస్తాడు, రెండు రోజులు మీ ఇంట్లోనే ఉంటాడు. మరిదికి చెవుల్లో పెట్టుకోవడానికి దూది సిద్ధం చెయ్యి.

జ్యోతిరాణి


నిజామాబాద్
మార్చి మొదట్లో

అక్కా,

బావ పసుపు అమ్ముకొని ఈ రోజే బయలుదేరాడు. సరుకు చూసి అందరూ బాగుందన్నారు. మా ఆయన అనిల్‌కుమార్‌కు దూది అవసరం పడలేదు.

నేను కొన్ని అడుగుతాను, ఎందుకని అడగకుండా జవాబు రాయి. థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నావా? పొద్దున తలనొప్పి రోజూ వస్తోందా? పీక ఎవరో నొక్కినట్టు అనిపించి ఎప్పుడైనా లేచావా? స్కూటీ మీద మళ్లీ ఎప్పుడైనా కళ్లు మూతపడ్డాయా?

ఆ గది పని ఆపు. పైసలు ఎక్కడికీ పోవు.

నీ చెల్లె,
సుమన


ఎడపల్లి
ఆ తర్వాతి శనివారం

సుమనకు,

రోగం ఒకరిదైతే మాత్ర ఇంకొకరిని అడుగుతున్నావా? కందకు లేని దురద కత్తిపీటకెందుకు? థైరాయిడ్ మాత్ర మానేసి ఏడాది దాటింది, నాకేం బాగానే ఉంది. తలనొప్పి వస్తుంది, నిద్ర లేకపోతే ఎవరికైనా వస్తుంది. పీక నొక్కినట్టు కూడా అనిపిస్తుంది, పీడకల. నిన్న మళ్లీ స్కూటీ మీద కునుకు పట్టింది, ఈసారి చెరుకు బండి వాడు అరవకపోతే చక్రం కిందే ఉండేదాన్ని.

గది ఎందుకు ఆపాలి? మీ బావ నీ దగ్గర ఏం ఏడ్చాడు? రెండు రోజుల్లోనే బావను వెనకేసుకొస్తున్నావంటే నాకు తెలియని మాట ఏదో నీకు చెప్పాడు. రేపు ఆదివారం మేస్త్రీ వస్తాడు, పునాది పోస్తున్నాం. మీ ఇద్దరూ ఏమన్నా అనుకోండి.

జ్యోతిరాణి


నిజామాబాద్
శనివారం సాయంత్రం

అక్కా,

నర్సన్నను సంచి ఖాళీ చేసేదాకా ఆపి ఇది రాస్తున్నాను. పునాది పొయ్యకముందే చదువు.

బావకు మాట ఇచ్చాను, ఎవరికీ చెప్పనని. నీకూ మాట ఇచ్చాను, స్కూటీ సంగతి బావకు చెప్పనని. నీ పగలు ఎట్లా పోతోందో బావకు తెలియదు. నీ రాత్రి ఎట్లా పోతోందో నీకు తెలియదు. రెండూ తెలిసింది నాకొక్కదానికే. చెరుకు బండి మాట రెండుసార్లు చదివాను. ఇక దాచడం నావల్ల కాదు.

గురక బావది కాదు. నీది.

మా ఇంట్లో బావ పసిపిల్లాడిలా చప్పుడు లేకుండా పడుకున్నాడు. కానీ సరిగ్గా పడుకోలేదు. మాటిమాటికీ లేచి పక్కకు చూసుకుంటున్నాడు, పక్కన ఎవరూ లేరు. పొద్దున చాయ్ ఇచ్చి, "బావా, గురకేది?" అని నవ్వుతూనే అడిగాను. ఆయన నవ్వలేదు. "సుమనా, ఊపిరి ఆగితే మనిషి చచ్చిపోతదా?" అన్నాడు.

పెళ్లైన కొత్తలో కోటగిరిలో బావ పెద్ద మేనత్త ఇంట్లో పెళ్లికి పోయారట కదా. ఆడవాళ్లంతా పెద్దింట్లో పడుకున్నారు. పొద్దున ఆమె నడింట్లో నిలబడి, "రాత్రంత ఎవలమ్మ రైసుమిల్లు నడిపింది? ఆడిది గురక పెడితే ఇల్లు నిలుస్తదా?" అన్నదట. నువ్వు కొత్త కోడలివి, ఏమీ తెలియక అందరితో పాటు నవ్వుతున్నావు. బావ గడపలో నిలబడి, "నేనేనత్తా, గోడవతల పండుకున్న" అన్నాడట. అప్పటి నుంచి ఆ గురక ఆయన పేరు మీద నడుస్తోంది. నువ్వు సంఘంలో చేసి చూపించి నవ్విస్తుంటే కూడా నవ్వుతూ ఊరుకున్నాడు.

అదైనా ఉత్త గురక ఉన్నన్నాళ్లు. ఇప్పుడు నడుమ ఊపిరి ఆగుతోందట. నువ్వు లావైన దగ్గర్నుంచి, మాత్రలు మానేసిన దగ్గర్నుంచి ఎక్కువైందట. ఆగినప్పుడల్లా బావ లేచి నిన్ను కదుపుతాడు. నువ్వు ఒక్కసారిగా ఊపిరి పీల్చుకొని ఉలిక్కిపడతావు. "నా గురకకే మెలకువచ్చింది, పండుకో" అంటాడు. అందుకే అక్కా, పగలు గట్టు మీద తూగేది. మంచె ఎక్కిన రాత్రీ, ఇక్కడికి వచ్చినప్పుడూ నిన్ను కదుపుతూ ఉండమని అత్తతో చెప్పి పోయింది కూడా అందుకే. "గదిల నన్ను పండవెడితే దాన్ని లేపేదెవరు?" అన్నాడు. అప్పుడు మాత్రం ఏడ్చాడు.

డాక్టర్ దగ్గరికి తెమ్మని నేనంటే, "తన గురకని తెలిస్తే నలుగుట్ల తలెత్తుకోదు, దాని సంగతి నీకెరికె" అన్నాడు. నాకు తెలుసు. అయినా చెబుతున్నాను. కోపం వస్తే నా మీద పడు, ఆయన మీద కాదు. నమ్మకం కలగకపోతే మధ్యాహ్నం పడుకునే ముందు ఫోన్‌లో రికార్డింగ్ పెట్టుకో.

స్కూటీ ముట్టుకోకు. నా మీద ఒట్టు.

సుమన


ఎడపల్లి
బుధవారం

సుమనా,

నిన్న మధ్యాహ్నం రికార్డింగ్ పెట్టాను. విన్నాను. సంఘంలో నేను చేసి చూపించేది అచ్చం అదే. నడుమ ఆగిపోయినప్పుడు, ఎవరి ఊపిరో అన్నట్టు నేనే భయపడి ఫోన్ పట్టుకొని కూర్చున్నాను, మళ్లీ ఎప్పుడు మొదలవుతుందా అని. ఆయన ఇన్నాళ్లూ ఇట్లాగే కూర్చున్నాడు కదా.

మేస్త్రీని ఆదివారమే, పునాది పొయ్యకుండానే పంపించేశాను. నీ మీద కోపం ఉంది, తర్వాత పడతాను. డాక్టర్ దగ్గర నా పేరు రాయించు. నా పేరే రాయించు, ఆయనది కాదు.

జ్యోతిరాణి


ఎడపల్లి
ఏప్రిల్ చివర

చెల్లె సుమనకు,

పరీక్ష రోజుల్లో నువ్వు పక్కనే ఉన్నావు కాబట్టి ఆ కథ మళ్లీ రాయను. వేలికి, ముక్కుకు తీగలు పెట్టి పడుకోబెట్టినప్పుడు నేను ఎంత గోల చేశానో నీకు తెలుసు. మర్నాడు మీ డాక్టర్ ఆ పరీక్ష కాగితం చూసి, "అమ్మా, మీరు రాత్రంతా నిద్రపోవడం లేదు, గాలి కోసం కొట్లాడుతున్నారు" అన్నప్పుడు నీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. అంత గట్టిగా పట్టుకున్నందుకు ఏమనుకోకు. నీ గాజు ఒకటి పగిలింది.

ఇప్పుడు పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను. పక్కకు తిరిగే పడుకుంటున్నాను. రాత్రి అన్నం తగ్గించాను, అది మాత్రం ఏడుస్తూ తగ్గించాను. ముక్కుకు పెట్టుకునే ఆ గాలి మిషన్ మొదటి వారం నన్ను చంపింది. ముక్కు మీద గేదె మూతి పెట్టినట్టు ఉండేది. రెండుసార్లు పీకి అవతల పడేశాను. మీ బావ విసుక్కోకుండా తెచ్చి మళ్లీ పెట్టాడు. "గొంతుల దారి మూసుకపోకుండ గాలి నిలవెడతదట, కొద్దిగ ఓర్సుకో" అన్నాడు. ఓర్చుకున్నాను. ఇప్పుడు పొద్దున లేస్తే తల నా తలలాగే ఉంది. మొన్న సంఘం మీటింగులో బ్యాంకు మేడం గంట సేపు మాట్లాడినా నా కళ్లు మూతపడలేదు.

ఆ మీటింగులోనే చెప్పేశాను. మేడం వెళ్లిపోయాక ఆడవాళ్లు అలవాటుగా, "జ్యోతక్కా, ఆత్మారామన్న గురక ఒక్కసారి చెయ్యి" అని అడిగారు. తుకారాం కూడా గుమ్మం దగ్గర భార్య కోసం నిలబడి ఉన్నాడు. నేను లేచి నిలబడ్డాను. "ఆయనకు గురక లేదు. ఎన్నడూ లేదు. గురక నాది. ఊపిరి ఆగే రోగం ఉండె, మందు దొరికింది" అన్నాను. ఎవ్వరూ నవ్వలేదు. అందరూ నేలచూపులు చూశారు. నాకు ఒళ్లు మండింది. "ఏంది, మగోనిదైతే నవ్వొస్తది, ఆడిదైతే మాటలు పడిపోతయా?" అన్నాను. అప్పుడు తుకారాం పకపకా నవ్వి, "ఇన్నొద్దులు తప్పు మనిషిని మంచె ఎక్కిచ్చినమన్నట్టు" అన్నాడు. దాంతో అందరికీ ఊపిరి వచ్చింది.

సిగ్గు పడలేదని చెప్పను. ఇంటికి నడుస్తుంటే చెవులు కాలిపోయాయి. కానీ ఆ సాయంత్రమే మా సంఘంలోని రుక్మాబాయి పెరటి వైపు నుంచి వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "అక్కా, ఆ డాక్టర్ ఎక్కడుంటడు?" అని అడిగింది. మర్నాడు ఇంకొకామె వచ్చింది. ఇద్దరినీ నీ కౌంటర్ దగ్గరికే పంపుతున్నాను, కాస్త మర్యాదగా చూసుకో.

మీ బావకు మాత్రం నచ్చలేదు. "ఎందుకు చెప్పినవ్? నాకేమన్న బరువైందా?" అని రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. బరువు కాలేదు, నాకు తెలుసు. అదే నాకు బరువైంది సుమనా. ఆ మాట ఆయనతో అనబోయి చాయ్ పెట్టనా అని అడిగాను, అందుకే నీకు రాస్తున్నాను. నాకు ఆయన మీద ఎంత ప్రేమ ఉందో నాకే ఈ వయసులో తెలిసింది.

మిషన్ వచ్చినా ఆయన అలవాటు పోలేదు. రోజూ రాత్రి లేచేవాడు. నా ముఖం మీద చెయ్యి అడ్డం పెట్టి గాలి వస్తోందో లేదో చూసేవాడు. "పండుకో, మిషన్ చూసుకుంటది" అంటే, "మిషన్‌కేం ఎరుక?" అనేవాడు.

ఈ రోజు పొద్దున నాకే ముందు మెలకువ వచ్చింది. ఇరవై ఏళ్లలో ఆయనకంటే ముందు నేను లేవడం ఇదే మొదటిసారి. ఎండ కిటికీలోంచి మంచం మీదికి వచ్చింది, పాలవాడు వచ్చి పోయాడు, ఆయన కదలడం లేదు. మాస్కు తీసేసి ఆయన ముక్కు దగ్గర చెయ్యి పెట్టాను. వెచ్చగా, నెమ్మదిగా ఊపిరి తగిలింది. నిద్ర. ఉత్త నిద్ర. నోరు కొంచెం తెరుచుకొని, చెయ్యి నా దిండు మీద పెట్టి, బంటి చిన్నప్పుడు పడుకున్నట్టు పడుకున్నాడు.

ఇప్పుడు పది దాటింది. ఇంకా లేవలేదు. అత్త రెండుసార్లు వచ్చి తొంగిచూసింది, వేలు నోటి మీద పెట్టి పంపించాను. కూలీలు వస్తే చేనుకు నేనే పోతానని చెప్పాను. నర్సన్న వాకిట్లో హారన్ కొట్టబోతే ఉరికి పోయి ఆపాను. సంచి అతని చేతికిచ్చి, ఆటో మూలమలుపు దాకా తోసుకొని పోయి, ఈ ఉత్తరం తెచ్చి ఇచ్చాకే అక్కడ స్టార్ట్ చెయ్యమన్నాను. పాపం, తోస్తున్నాడు.

మీ అక్క,
జ్యోతిరాణి